తాబేలు పిల్లకు ఇల్లు కట్టాలంటే

పిల్లలూ, పోయిన వర్షాకాలంలో ఆరో తరగతి అబ్బాయి ఒకడు రఫ్ నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. అందులో ఒక చెక్క పెట్టె బొమ్మ గీశాడు. ఒక మూల నీళ్ల గిన్నె, ఇంకో మూల బల్బు, పైన పెద్ద అక్షరాలతో "తాబేలు ఇల్లు" అని ఉంది.

వాళ్ల నాన్నగారు కేంద్ర బలగాల్లో పనిచేస్తారు. అప్పుడు బస్తర్‌లో, సుక్మా జిల్లా గొల్లపల్లి దగ్గర క్యాంపులో ఉన్నారు. వాన వెలిసిన ఒక సాయంత్రం బాట దాటుతున్న చిన్న తాబేలును ఆయన వీడియో కాల్‌లో చూపించారట. "సెలవుకి వచ్చేటప్పుడు తీసుకురమ్మన్నాను మేడమ్. ఇల్లు నేనే కడతాను. మళ్లీ ట్రాన్స్‌ఫర్ అయినా ఇబ్బంది లేదు, దాని ఇల్లు దాని వీపు మీదే ఉంటుందిగా!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నేనూ ఉద్యోగంలో చేరాక అయిదు ఊళ్లు మారాను. వీపు మీద ఇల్లుంటే ఎంత బాగుండునో నాకు తెలుసు! కానీ వాడు అడిగినదానికి సరైన జవాబు చెప్పాలి కదా. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

డిప్ప ఇల్లు కాదు

తాబేలు డిప్ప దాని ఒంట్లో భాగం. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి డిప్పగా తయారయ్యాయి. అది విప్పి పక్కన పెట్టే చొక్కా కాదు. డిప్ప మీద వేలు పెడితే తాబేలుకు స్పర్శ కూడా తెలుస్తుంది. దాని అసలు ఇల్లు అది తిరిగే నేల, మేసే గడ్డి, దాక్కునే పొద, తాగే నీరు. తాబేలుకు ఇల్లు కట్టడమంటే ఇవన్నీ ఒకచోట అమర్చడం.

ముందు ఏ తాబేలో తెలియాలి

తాబేళ్లలో నేల మీద బతికేవి, నీటిలో బతికేవి వేరు వేరు. కాళ్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నేల తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉంటాయి. నీటి తాబేలు వేళ్ల మధ్య బాతుకున్నట్టు పొర ఉంటుంది. మన ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మెట్ట ప్రాంతాల్లో కనిపించే నక్షత్ర తాబేలు నేల తాబేలు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి.

ఆ అబ్బాయి నాన్నగారిని అడిగిస్తే, డిప్ప నున్నగా ఉందని, వేళ్ల మధ్య పొర ఉందని చెప్పారు. అంటే అది నీటి తాబేలు. మన దేశంలో చెరువుల్లో, పొలాల్లో విరివిగా కనిపించే ఒక రకం నీటి తాబేలుకు అడుగున తోలు మూతలుంటాయి. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే అవి మూసుకుంటాయి. చెరువు ఎండితే ఆ తాబేలు బురదలో దూరి పడుకుంటుంది. వానలు పడ్డాక ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు నడిచి పోతుంది. గొల్లపల్లి బాట మీద కనిపించింది కూడా బహుశా అలా నడిచి పోతున్నదే.

మంచి ఆవరణ ఎలా ఉంటుంది?

జంతు ప్రదర్శనశాలల్లో, రక్షణ కేంద్రాల్లో నేల తాబేలు పిల్ల కోసం చూసుకునే విషయాలివి:

1. నేల: టైల్స్ మీద, న్యూస్ పేపర్ మీద కాళ్లు జారతాయి. మట్టి, ఇసుక కలిపి పరచాలి. ఒక పక్క కాస్త తడిగా ఉండాలి.

2. గోడ: అద్దం పనికిరాదు. అద్దాన్ని తాబేలు గోడ అనుకోదు. దారి ఉందనుకుని రోజంతా దాన్నే తోస్తూ ఉంటుంది. అవతలివైపు కనిపించని గోడ కావాలి. తవ్వుకుని పోకుండా దాని అడుగు భాగాన్ని మట్టిలోకి దించాలి. పైన వల ఉండాలి. వేలెడు కూడా లేని పిల్లను కాకి సులువుగా ఎత్తుకుపోతుంది.

3. ఎండ, నీడ: తాబేలు తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. అందుకే ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. ఎప్పుడు ఎటు వెళ్లాలో అదే చూసుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే దాని ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే తిండిలోని కాల్షియం ఒంటికి పట్టక డిప్ప మెత్తబడిపోతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. మామూలు బల్బు వేడినే ఇస్తుంది, ఆ కిరణాలను ఇవ్వదు.

4. నీరు: లోతు లేని పళ్లెంలో పోయాలి, నీరు గడ్డం దాటకూడదు. అందులోనే మలవిసర్జన చేస్తుంది కాబట్టి రోజూ మార్చాలి.

5. దాక్కునే చోటు: బోర్లించిన సగం కుండ చాలు. తల దాచుకునే చోటు లేకపోతే బెదిరిపోయి తిండి మానేస్తుంది.

6. తిండి: నక్షత్ర తాబేలుకు గడ్డి, ఆకులు. అన్నం, పాలు, బిస్కెట్లు పెట్టకూడదు.

నీటి తాబేలుకైతే ఈదడానికి నీళ్లు, ఎక్కి ఎండ కాగడానికి రాయి, ఆ నీటిని శుభ్రం చేసే ఏర్పాటు కావాలి. తిండి కూడా వేరు. కొన్ని రకాలు నత్తలు, చేపలు, కప్పలు కూడా తింటాయి.

మన క్వార్టర్స్‌లో కుదురుతుందా?

తాబేలు కొన్ని దశాబ్దాలు బతుకుతుంది. మూడేళ్లకో బదిలీ అనుకుంటే ముప్ఫై ఏళ్లలో పది ఇళ్లు మారాలి. ఒకచోట పెరడు ఉంటుంది, ఇంకోచోట మూడో అంతస్తు బాల్కనీయే దిక్కు. చివరికి చాలామంది విసుగెత్తి దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే ఎర్ర చెవుల తాబేలు విషయంలో జరిగింది అదే. అది అమెరికా నుంచి వచ్చిన రకం. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొంటారు, భోజనం పళ్లెమంత అయ్యాక చెరువు పాలు చేస్తారు. అక్కడ అది మన తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ వస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది.

ఇక చట్టం మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవుల్లో, చెరువుల్లో ఉండే తాబేళ్లను పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. నక్షత్ర తాబేలును 2022 సవరణలో మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పెంపకం కోసం దొంగచాటుగా విదేశాలకు తరలిస్తున్నందువల్ల 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు.

తాబేళ్లను చూడాలంటే సెలవుల్లో శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం వెళ్లండి. కూర్మావతారానికి గుడి ఉన్న ఆ ఊళ్లో, ఆలయ ప్రాంగణంలోనే నక్షత్ర తాబేళ్లకు ప్రత్యేకంగా చోటుంది. అవి ఆకులు కొరుక్కుతినడం దగ్గరి నుంచి చూడవచ్చు.

దారిలో తాబేలు కనిపిస్తే?

రోడ్డు మీద ఉంటే, వాహనాలు రానప్పుడు పెద్దవాళ్ల సాయంతో రెండు చేతులతో ఎత్తి, అది ఎటు పోతోందో అటువైపే దాటించండి. వెనక్కి తిప్పితే మళ్లీ రోడ్డెక్కుతుంది. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ కార్యాలయానికి చెప్పించండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు.

ఇదంతా విని ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే నాన్నని తేవద్దని చెప్పాలా మేడమ్?" అన్నాడు. నువ్వే ఆలోచించు అన్నాను. మర్నాడు వచ్చి, "నాన్న దాన్ని అసలు పట్టుకోనే లేదట. అది వాగు వైపు వెళ్లిపోయిందట" అన్నాడు. కాస్త దిగులుగానే ఉన్నాడు. నోట్‌బుక్ తీసి, "తాబేలు ఇల్లు" అన్న మాట కింద పెట్టె బొమ్మ కొట్టేసి, "గొల్లపల్లి వాగు" అని రాసుకున్నాడు.