రమ లోపలికి, రాముడు బయటే

పైథాన్‌లో ఇజాల్ఫా అని ఒక చిన్న పరీక్ష ఉంది. ఇచ్చిన మాటలో అన్నీ అక్షరాలేనా, నడుమ అంకెలో చుక్కలో దూరాయా అని చూసి అవుననో కాదనో చెబుతుంది. దరఖాస్తులో పేరు గడికి కాపలా పెట్టాలంటే కొత్తగా కోడింగ్ నేర్చినవాళ్ల చేతికి ముందు అందేది ఇదే. ‘రమ’ అని ఇవ్వండి, అవునంటుంది. కమల, ఉష, రమణ అందరూ దర్జాగా లోపలికి పోతారు. ‘రాముడు’ అని ఇవ్వండి, కాదంటుంది. గీత కాదు, శంకర్ కాదు, వేంకటేశ్వరరావు సంగతి చెప్పనే అక్కర్లేదు.

చిక్కంతా గుణింతంలో ఉంది. తెలుగుకు యూనికోడ్‌లో 128 గదులున్నాయి. పలక మీద మనం ఒక్కటిగా దిద్దిన ‘రా’ అక్కడ రెండు గదుల సరుకు: ‘ర’ ఒకటి, దీర్ఘం ఒకటి. మొదటిదాని మీద ‘అక్షరం’ అన్న ముద్ర ఉంది, రెండోదాని మీద ‘గుర్తు’ అని. కొమ్ములు, ఏత్వాలు, పొల్లు, సున్న అన్నీ గుర్తులే. ఇజాల్ఫా అక్షరం ముద్ర ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు, అక్కడ అచ్చులూ విడి అక్షరాలే కదా.

‘పేరు కనీసం మూడు అక్షరాలు’ అన్న షరతు పెడితే కథ తిరగబడుతుంది. ‘శ్రీ’ లెక్కకు నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘రమ’ రెండే. ఈసారి రమకు చుక్కెదురు. అంకెల దగ్గర మాత్రం పైథాన్ ఉదారి. ‘౨౫’ అని ఇచ్చినా 25గానే లెక్కేస్తుంది, అలా టైపు చేసేవాళ్లే అరుదు.

మరమ్మతు ఉంది. అక్షరాన్నీ గుర్తునూ రెంటినీ రానివ్వాలి, మొదటిది మాత్రం అక్షరమే కావాలి. లేకపోతే ఉత్త కొమ్ము కూడా ఒక మనిషి పేరుగా చెల్లిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో 2018 ప్రమాణం నుంచి ఈ ముద్రలను నేరుగా అడగొచ్చు. ఇంటిపేరు పొడి అక్షరాల కోసం చుక్కకూ ఖాళీకీ చోటివ్వాలి. నన్నడిగితే పేరు గడి ఖాళీగా లేదు, మరీ చాంతాడంత లేదు అని చూసుకుంటే చాలు. డేటాబేస్‌ను కాపాడే పని ఈ గడిది కాదు, డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను వేరుగా, గడిలో రాసిన విలువను వేరుగా పంపడంలో ఉంది ఆ కాపుదల.

అయినా పట్టుబట్టి మరమ్మతు చేశారే అనుకోండి. రాజ్‌కుమార్ వస్తాడు. ‘జ’ కింద ‘క’ వత్తుగా దిగిపోకుండా ఆ రెంటి నడుమ కంటికి కనపడని సంకేతం ఒకటి కూర్చుని ఉంటుంది. అది అక్షరమూ కాదు, గుర్తూ కాదు.