కొండ మీద మణిపురం

పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరాన ఒక దీపస్తంభం ఉండేవి. అండమాన్‌లోని మౌంట్ హారియట్ నుంచి కనిపించే దృశ్యమది. అక్కడి శిక్షాద్వీపానికి అధికారిగా ఉండిన టైట్లర్ సతీమణి పేరు హారియట్. 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చింది. రాజధానిలో పేర్ల మార్పు నిత్యకృత్యం గనుక నేనూ ఆనాడు రెండు పంక్తులతో సరిపెట్టాను. అది పొరపాటు.

1890 సెప్టెంబరులో మణిపురం రాజభవనంలో అన్నదమ్ముల కలహం రేగింది. మహారాజు సూరచంద్రుడు గద్దె విడిచాడు. తమ్ముడు కులచంద్రుడు రాజైనాడు. అతనికి అండగా నిలిచినవాడు మరో సోదరుడు టికేంద్రజిత్. అంతటితో అలజడి సద్దుమణిగింది. ఆరు నెలల తరువాత, 1891 మార్చి 22న, అస్సాం చీఫ్ కమిషనర్ క్వింటన్ సుమారు 400 మంది గూర్ఖా సిపాయిలతో ఇంఫాల్ చేరాడు. కులచంద్రుని రాజుగా గుర్తిస్తారట. అతనికి గద్దె దక్కించిన టికేంద్రజిత్‌ను మాత్రం బంధించి దేశం వెళ్లగొడతారట! దర్బారుకు పిలిచి పట్టుకోవాలన్నది పథకం. ఆయన రాలేదు. 24 తెల్లవారుజామున ఆయన ఇంటిపై దాడి జరిగింది. ఆ రాత్రి క్వింటన్ సహా ఐదుగురు ఆంగ్లాధికారులు కోటలో హతులయ్యారు. సంప్రదింపులకు వచ్చినవారిని చంపడం మణిపురీలకు కీర్తి తెచ్చిన పని కాదు. ఆ మాటా చెప్పుకోవాలి.

కోహిమా, సిల్చార్, బర్మాలోని తమూ – మూడు దారుల సైన్యాలు కదిలాయి. ఖోంగ్‌జోం వద్ద పావొనా బ్రజబాసి పోరాడి ప్రాణాలిచ్చాడు. ఏప్రిల్ 27న ఇంఫాల్ వశమైంది. ముద్దాయిల పక్షాన వాదించడానికి విచారణలో న్యాయవాదిని రానివ్వలేదు. మోపిన నేరం రాణిపై యుద్ధం. తమకు రాణి కాని రాణిపై అది నేరమెట్లా అవుతుందని కలకత్తా బారిస్టరు మనోమోహన్ ఘోష్ వాదం. ఆగస్టు 13న టికేంద్రజిత్‌ను, వృద్ధ సేనాని తంగల్‌ను బహిరంగంగా ఉరితీశారు. ఎనిమిది రోజుల తరువాత, సంస్థానాలతో తమ సంబంధాలకు అంతర్జాతీయ న్యాయం వర్తించదని ఆంగ్ల ప్రభుత్వం తీర్మానం వెలువరించింది. ఉరి ముందు, సూత్రం వెనుక.

అంతకు ముందే, జూన్‌లో, లండన్ కామన్స్ సభలో దీనిపై చర్చ జరిగింది. పార్లమెంటు గ్యాలరీలో వయసు గడిపిన నన్ను ఎక్కువగా ఆకర్షించినది అదే. ఇండియా శాఖ ఉపమంత్రి సర్ జాన్ గోర్స్ట్ లేచి, స్వతంత్రబుద్ధి గల సమర్థులు ప్రభుత్వాలకు ఎన్నడూ గిట్టరనీ, అణిగి ఉండే సామాన్యులే వాటికి ప్రీతిపాత్రులనీ అన్నాడు. పొడవుగా ఎదిగిన గసగసాల మొక్కల తలలు తుంచిన రోమను రాజు టార్క్విన్‌ను ఉదాహరించాడు. ప్రతిపక్షం వేయవలసిన అభియోగాన్ని మంత్రిగారే తన నోట ఒప్పుకున్నారన్నమాట! అలజడి అణచడం సాకు; గిట్టనిది టికేంద్రజిత్ సామర్థ్యం. సభలో మంత్రులు ఏమరుపాటున నిజం పలకడం ఇక్కడా కొన్నిసార్లు విన్నాను, ఇంత స్పష్టంగా మాత్రం వినలేదు.

కులచంద్రుడు, సోదరుడు అంగౌసేన సహా 23 మంది మణిపురీలను అండమాన్‌కు పంపారు. సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో గాని మొదలు కాలేదు. అందుచేత వారిని ఈ కొండపై ఉంచారు. మన మన్యం నుంచి అల్లూరి అనుచరులు కొందరు అదే సముద్రం దాటడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. ఇంఫాల్‌లో ఖాళీ అయిన గద్దె మీద సెప్టెంబరులో చురాచంద్ అనే పసిబాలుని కూర్చోబెట్టారు.