కలేకూరి పాటలన్నీ ఒకచోట ఎందుకుండాలి?

‘భూమికి పచ్చాని రంగేసినట్లు’ పాట వినని ఉద్యమకారులు తక్కువ. పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా వచ్చిన ‘శ్రీరాములయ్య’ సినిమా దాన్ని ఊరూరా చేర్చింది. అనంతపురం కరువు నేల కథకు ఆ పాట ఇచ్చింది కంచికచర్ల దళిత కవి కలేకూరి ప్రసాద్. గుంతకల్లులో మేం మాట్లాడిన విద్యార్థుల్లో చాలామంది ఆ పాట అందుకున్నారు. రాసిందెవరని అడిగితే మాత్రం హీరో పేరు చెప్పారు, సంగీత దర్శకుడి పేరు చెప్పారు. కలేకూరి పేరు రాలేదు.

ఇది విద్యార్థుల తప్పు కాదు. కవిత అచ్చులో తిరుగుతుంది, కింద పేరుంటుంది. అందుకే ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అనగానే కలేకూరి గుర్తొస్తారు. పాట నోటి మీద తిరుగుతుంది. సభలో ఎవరు పాడితే వాళ్లదవుతుంది, సినిమాకెక్కితే సినిమాది అవుతుంది. 1968లో కోటేశును సజీవ దహనం చేసిన కంచికచర్ల నుంచి వచ్చి, కారంచేడు, చుండూరుల తర్వాతి దళిత ఉద్యమంలో నిలబడి, 2013లో కన్నుమూసిన మనిషి పాటలకూ ఇదే జరిగింది.

సమగ్ర ఆల్బమ్ చేసే పని

ఒక రచయిత జీవితకాలపు పాటలను ఎంచి, కాలక్రమంలో పెట్టి, ఏది ఎప్పుడు ఎందుకు రాశారో చెప్పే పుస్తకంతో తెచ్చేదే సమగ్ర ఆల్బమ్. బెవర్లీ గ్లెన్-కోప్‌లాండ్ అనే నల్లజాతి ట్రాన్స్ గాయకుడు 1986లో కెనడాలో ఒక క్యాసెట్ సొంతంగా వేసుకున్నారు. దాదాపు 200 కాపీలు. అవీ పెద్దగా అమ్ముడుపోలేదు. 2015లో జపాన్‌లోని ఒక రికార్డుల వ్యాపారి ఆ క్యాసెట్ల కోసం ఉత్తరం రాశాకే లోకం ఆయన వైపు చూసింది. 2020లో ‘ట్రాన్స్‌మిషన్స్’ పేరుతో ఆయన జీవితకాలపు పాటల ఆల్బమ్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. పాటలు చాలావరకు పాతవే, పేరుతో కలిపి ఒకచోట చేరాయి, అంతే.

హక్కు ఎవరిది?

మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం పాట సాహిత్యంపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కలేకూరి విషయంలో అది 2073 చివరి దాకా. హక్కుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కులు అమ్ముకున్నా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే అధికారం సెక్షన్ 57 కింద రచయితకు మిగిలే ఉంటుంది. తర్వాత వారసులూ దాన్ని అడగొచ్చు. సినిమా పాట థియేటర్ బయట వినిపించినప్పుడు వచ్చే రాయల్టీలో రచయిత వాటాను రాయించుకోకుండా 2012 సవరణ అడ్డుకట్ట వేసింది. రికార్డింగ్ హక్కు వేరు, అది సాధారణంగా నిర్మాతది. కాబట్టి ఆల్బమ్ తేవాలంటే కుటుంబాన్నీ, కంపెనీలనూ విడివిడిగా అడగాలి.

ఇప్పుడే ఎందుకు?

ఉద్యమ పాటలు ఎక్కువగా సభల్లో టేప్ చేసిన క్యాసెట్లలో ఉన్నాయి. మా అనంతపురం వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో అటక మీద ఉన్న క్యాసెట్ డొప్ప వంగిపోతుంది, టేపు పాడవుతుంది. అరవై నిమిషాల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి అరవై నిమిషాలూ పడుతుంది, అడ్డదారి లేదు.

చేయగలిగిన పనులివి. ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న పలకలు విరిచేయండి, పొరపాటున పాట మీద పాట రికార్డవదు. ఎక్కించేటప్పుడు ఎంపీ3గా కాక వేవ్ ఫైలుగా దాచండి. పాడిందెవరు, ఎక్కడ, ఏ సంవత్సరం, రాసిందెవరు అన్నవి అదే రోజు రాసిపెట్టండి. తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్లను అడగండి.

కలేకూరితో మొదలుపెడదాం. ఆయన పాట మన వాడల్లో ఎటూ బతికే ఉంది. సభలో పాడే ప్రతిసారీ ముందు ఆయన పేరు చెప్పడానికి మాత్రం ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.