ఉత్తరాంధ్రము - కళింగము : దేశనామవిచారము

శ్రీకాకుళ విజయనగర మండలములును, వానికి దాపుననున్న ప్రాంతములును నేడు లోకవ్యవహారమున ‘ఉత్తరాంధ్ర’ యను పేర బరగుచున్నవి. ఈ భూమి ప్రాచీననామము కళింగమని విజ్ఞులెఱిగినదే. ఈ రెండు నామములకు గల భేదమెట్టిది, ఒకటి నిలిచి రెండవది మఱుగుపడినచో దేశాభిమానమునకు గలుగు హాని యెట్టిది యను విషయమును శబ్దశాస్త్రదృష్టితో విచారించుట యీ వ్యాసమునకు బ్రయోజనము. ఇట్టి నామసంకటము మనకే గాక స్కాట్లండు దేశీయులకును గలిగినది. కావున వారి చరిత్రమును నిందు నిదర్శనముగా గైకొనుచున్నాను.

మొదట ఉత్తరశబ్దమును జూతము. పాణిని పూర్వదక్షిణోత్తరాది శబ్దముల సర్వనామత్వమును జెప్పుచు (1.1.34), వ్యవస్థ తోచుచుండవలెననియు, అది సంజ్ఞ కాకుండవలెననియు రెండు నియమములు చేసెను. వ్యవస్థ యనగా అవధి నపేక్షించుట. ‘ఉత్తరము’ అన్నంతనే దేనికి ఉత్తరమను నాకాంక్ష పుట్టును. కావున నీ శబ్దము తన యర్థమును దాను పూర్తిగా జెప్పజాలదు. చెప్పువాడు నిలిచిన చోటు తెలిసినగాని యర్థము కుదురదు.

మనదేశమున కీ విశేషణము క్రొత్తగా వచ్చినది కాదు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచేతను, 1766లో నిజాముతో జరిగిన సంధిచేతను ఇంగ్లీషు కంపెనీకి జిక్కిన తీరభూములు ‘ఉత్తర సర్కారులు’ అనబడినవి. అందు శ్రీకాకుళము సర్కారొకటి. మద్రాసున గూర్చుండి చూచువారి కీ భూములు ఉత్తరములు. కాని వంశధారాతీరమున దున్నుకొను కృషీవలునకు దన పొలము ఉత్తరమునను లేదు, దక్షిణమునను లేదు. అది యతని యూరు. నేటి ‘ఉత్తరాంధ్ర’ యందును అవధి మాఱినదేగాని తీరు మాఱలేదు. కృష్ణాగోదావరీ మధ్యదేశమున నిలిచి చూచిన చూపే యా పేరున నున్నది.

స్కాట్లండునకు జరిగినదియు నిట్టిదే. 1707లో నా దేశపు పార్లమెంటు ఇంగ్లండు పార్లమెంటుతో నేకమయ్యెను. అటుపిమ్మట స్కాట్లండును ‘ఉత్తర బ్రిటను’ అని వ్యవహరించుట ప్రబలెను. జాబులపై విలాసము వ్రాయునపుడును ఆ పేరే వ్రాయువారుండిరి. 1844లో నేర్పడిన యొక రైలుకంపెనీ 1923 వఱకు ‘నార్త్ బ్రిటిష్ రైల్వే’ యను పేరనే నడచినది. అయినను ఆ పేరు జనుల నాలుకపై నిలువలేదు. తమ న్యాయస్థానములను, తమ క్రైస్తవసంఘమును, తమ పాఠశాలలను ప్రత్యేకముగా నిలుపుకొన్నట్లే తమ దేశనామమును గూడ వారు నిలుపుకొనిరి. 1999లో ఎడింబరో నగరమున మరల సమావేశమైన సభ ‘స్కాటిష్ పార్లమెంటు’ అనియే పిలువబడుచున్నది.

ఇక కళింగశబ్దము. పాణిని మగధాదులతోబాటు కళింగశబ్దమును గ్రహించి, దానిపై అణ్‌ప్రత్యయమును విధించెను (4.1.170). కళింగుని యపత్యమును, కళింగుల రాజును కాళింగుడగును. బహువచనమున నా ప్రత్యయమునకు లుక్కు కలుగుటచే (2.4.62) వారే కళింగులగుదురు. ఆ జనులు నివసించు జనపదమును జెప్పవలసివచ్చినపుడు నివాసార్థమున వచ్చిన ప్రత్యయము లోపించి (4.2.81), లింగవచనములు మాత్రము జనవాచకమునకు వలెనే యుండును (1.2.51). అందుచే సంస్కృతమున దేశము కూడ ‘కళింగాః’ అని బహువచనాంతమే. దేశము పేరు జనుల పేరే! స్కాట్లండు శబ్దమును నట్టిదే. ఐర్లండునుండి వచ్చి పశ్చిమతీరమున స్థిరపడిన స్కాటులను జనుల పేరే క్రమముగా దేశమంతటికిని వ్యాపించినది. విజయనగరమున జీవితమును గడపిన గురజాడ అప్పారావుగారు 1910లో రచించిన ‘దేశభక్తి’ గీతమున జనులే దేశమను భావమును బ్రతిపాదించిరి. అది నవీనభావమని కొందఱందురు. శబ్దశాస్త్రమున దానికి మూలమున్నదని నా యభిప్రాయము.

ఈ నామమునకు నింద లేకపోలేదు. కళింగములకు బోయినవాడు పాదములచే బాపము చేసినవాడగుననియు, నందులకు బ్రాయశ్చిత్తము చేసికొనవలెననియు బోధాయనధర్మసూత్రము చెప్పుచున్నది. లిట్టు ఉత్తమపురుషమున నుపపన్నమగుటకు గాశికాకారుడు చూపిన యుదాహరణమును విద్యార్థులందఱు ఎఱుగుదురు: కళింగములందుంటివా యని యడుగగా, అచటికి బోనేలేదని యొకడు సర్వాపలాపము చేయును. వైయాకరణులకు బొంకుటకు దగిన దేశముగా మన దేశమే కనబడినది! స్కాటులకును నిట్టి పరిహాసము తప్పలేదు. 1762లో లండనున విల్క్సు అనునతడు ‘నార్త్ బ్రిటను’ అను పత్రికను వెలువరించి, స్కాటుడైన ప్రధానమంత్రి బ్యూటుప్రభువును, నాతని దేశీయులను ఎగతాళి చేసెను.

నిందచే నామము చెడలేదు. జనుల చరిత్రముచే నిలిచినది. క్రీ.పూ. 261 ప్రాంతమున జరిగిన కళింగయుద్ధమునుగూర్చి అశోకుడు తన పదమూడవ శిలాశాసనమున, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, లక్షమంది హతులైరనియు, నంతకు బెక్కురెట్లు మరణించిరనియు జెప్పి పశ్చాత్తాపము నొందెను. ఆ శాసనమున కళింగరాజు పేరు లేదు. జనుల దుఃఖమే యున్నది. కళింగదేశమందలి ధౌళి, జౌగడ శాసనములలో నీ పదమూడవ శాసనము చెక్కబడలేదు. దానికి మాఱుగా బ్రజలను బిడ్డలవలె జూడవలెనని యధికారులకు జేసిన హితోపదేశమున్నది. తరువాత ఖారవేలుడు హాథిగుంఫా శాసనమున, నందరాజు గొనిపోయిన కళింగజినప్రతిమను మగధనుండి మరల దెచ్చినట్లు చెప్పుకొనెను. 1320లో స్కాటిష్ ప్రభువులు పోపునకు వ్రాసిన ఆర్బ్రోత్ లేఖయందును, తమ రాజైన రాబర్టు బ్రూసు ఇంగ్లండునకు లొంగినచో నతనిని దొలగించి వేఱొకని రాజుగా జేసికొందుమని యున్నది. ఇందును రాజుకంటె జనమే ప్రధానము.

శ్రీకాకుళమండలమున వంశధారాతీరమున నున్న శ్రీముఖలింగము గాంగరాజుల రాజధానియైన కళింగనగరమని గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు శాసనపరిశోధనచే బ్రతిపాదించిరి. 1078లో రాజ్యమునకు వచ్చిన అనంతవర్మ చోడగంగు కాలమున రాజధాని కటకమునకు మాఱినను, మధుకేశ్వరాలయకుడ్యములపై శాసనములు నిలిచియేయున్నవి. కళింగపట్నము పేరును, కాళింగులను జనుల పేరును నేటికిని వ్యవహారమున నున్నవి.

ఇట బూర్వపక్షము. ‘ఉత్తర’శబ్దము సంజ్ఞయందు రూఢమైనచో నవధి నపేక్షింపదు. ‘ఉత్తరాః కురవః’ అనునదియే ప్రత్యుదాహరణము. ఉత్తరాంధ్రశబ్దమును నట్లే రూఢమైనది గదా యని యందురు. సత్యమే. నామములకు లోకవ్యవహారమే ప్రమాణమని, వ్యుత్పత్తి ప్రమాణమైనచో నర్థము తొలగినపుడు నామమును దొలగవలసివచ్చునని పాణినియే చెప్పెను (1.2.53, 55). కావున నుత్తరాంధ్రశబ్దము దుష్టమని నేననను. కాని యా వ్యవహారప్రామాణ్యమే కళింగశబ్దమును గాపాడవలసిన భారమును మనపై బెట్టుచున్నది. వ్యవహరింపనిచో నామము నశించును.

మఱియొక యాక్షేపము: 1936లో ఒరిస్సారాష్ట్ర మేర్పడిన తరువాత కళింగనామము వారి సొత్తు గదా యని. దేశనామమునకు బొలమువలె సరిహద్దురాళ్లు లేవు. కళింగము ఓఢ్రులకును, సవరలకును, మనకును గూడ బుట్టినిల్లే. సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును గూర్చిన రామమూర్తిపంతులుగారే తెలుగునకై పోరాడిన దేశాభిమాని. ఒక యభిమానము మఱియొకదానికి విరోధి కాదనుట కింతకంటె నిదర్శనము వలదు. కావున ‘కళింగాంధ్రము’ అను సమాసమే యుచితమైనది. కళింగులును వారే, ఆంధ్రులును వారే యని కర్మధారయముగా విగ్రహము చెప్పవచ్చును. ఇందు దిక్కుతో బనిలేదు. రెండు పదములును జనవాచకములే.

పాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. బాలురకు దేశపటమును జూపునపుడు ‘ఇది ఉత్తరాంధ్ర’ యని చెప్పి యూరకుండక, కళింగశబ్దవ్యుత్పత్తిని, శ్రీముఖలింగశాసనములను గూడ దెలుపవలెను. కనబడకపోవుటయే లోపమని శాస్త్రము. ఆ లోపమును విధించు సూత్రమేదియు లేదు. మన యుపేక్షయే దానిని గలిగింపగలదు.