తాళం లేని ట్రంకు పెట్టె



హనుమాన్ జంక్షన్ హాస్టల్లో చదివిన రోజుల్లో నా ఆస్తంతా ఒక ఇనప ట్రంకు పెట్టె. తాళం వేయకుండా భోజనానికి వెళ్తే తిరిగొచ్చేసరికి ఆవకాయ సీసా ఖాళీ! ఆ పాఠం ఉద్యోగంలో మర్చిపోయాను.

విజయవాడలో నేను మొదట చేరిన చిన్న సంస్థ ఒక కాలేజీ ఫీజుల లెక్కలను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంచేది. ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో చెప్పే ఫైలు దానికి ఒకటుంటుంది. పరీక్షించడం కోసం అందులో 'ట్రస్ట్' అని రాసి, అలాగే వదిలేశాను. ట్రస్ట్ అంటే, ఆ ఫైలులో రాసిన కంప్యూటర్ల నుంచి ఎవరొచ్చి ఏ పేరు చెప్పినా పాస్‌వర్డ్ అడగదు. పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు అడ్మిన్ పేరుతో వెళ్లి స్కాలర్‌షిప్ పిల్లల జాబితా మొత్తం చెరిపేశాడు. ముందురోజు తీసిన బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాం. ఆ పేర్లలో మనలాంటి హాస్టల్ పిల్లలే ఎక్కువ. తప్పు కుర్రాడిది కాదు, నాది.

మరి ఏ పద్ధతి పెట్టాలి? 'పాస్‌వర్డ్' అనే పద్ధతి మాటను ఉన్నదున్నట్టు పంపుతుంది. ఎస్‌ఎస్‌ఎల్ రక్షణ లేకపోతే దారిలో కాపు కాసినవాడు చదివేస్తాడు. 'ఎండీ5' దాన్ని హ్యాష్‌గా మారుస్తుంది. చెరకు పిప్పి నుంచి మళ్లీ గడ రానట్టే, హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను నేరుగా వెనక్కి తీయలేం. కానీ ఇక్కడో తిరకాసుంది. సర్వర్‌లో దాచిన ఆ పిప్పిని ఎవడైనా దొంగిలిస్తే, అసలు పాస్‌వర్డ్ తెలియకపోయినా దాంతోనే లోపలికి రావచ్చు.

అందుకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో 'స్క్రామ్-షా-256' పెట్టారు. 2021 నాటి 14వ వెర్షన్ నుంచి కొత్త పాస్‌వర్డ్‌లను మనం చెప్పకపోయినా ఇలాగే దాస్తుంది. 2025 నాటి 18వ వెర్షన్ అయితే ఎండీ5 పాస్‌వర్డ్ పెట్టబోతే హెచ్చరిస్తుంది. స్క్రామ్‌లో పాస్‌వర్డ్ ప్రయాణించదు, అది తెలుసన్న రుజువే వెళ్తుంది. సర్వర్ కూడా తన రుజువు చూపాలి. మన జంక్షన్ స్వామి కథ కూడా ఇదే కదా! ఆయన ఉంగరం చూపితే, సీతమ్మ చూడామణి ఇచ్చి, తనకూ రాముడికీ తెలిసిన కాకాసురుడి సంగతి చెప్పి పంపింది.

మారేటప్పుడు తొందరపడకండి. పాత హ్యాష్‌లు వాటంతటవే మారవు, ప్రతి యూజరుకూ పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాలి. అంతవరకు ఫైలులో ఎండీ5 అనే ఉంచవచ్చు. కొత్తగా దాచినవాటికి సర్వర్ తానే స్క్రామ్ వాడుతుంది. అందరూ మారాక ఆ లైను దిద్దండి. పాత డ్రైవర్లకు స్క్రామ్ తెలియదు, ముందే చూసుకోండి. స్క్రామ్ కాపాడేది పాస్‌వర్డ్‌నే, తర్వాత నడిచే సమాచారాన్ని కాదు. దానికి ఎస్‌ఎస్‌ఎల్ వేరుగా ఉండాల్సిందే.

ఇంకోమాట. మొన్న మన తమ్ముడొకడు ఇవన్నీ చక్కగా చేసి, పాస్‌వర్డ్ మాత్రం 'జంక్షన్123' అని పెట్టాడు. నేను రెండో ప్రయత్నంలోనే పట్టేశాను.