తెల్ల సరస్సు పంచాంగం

దీపావళి వచ్చిందంటే సూరత్ లింబాయత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు ఆగిపోతుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వచ్చి ఇక్కడ స్థిరపడిన నేత కుటుంబాలకు ఏడాదిలో ఊపిరి సలిపే రోజులు అవే. బడులకు మూడు వారాల సెలవు. చాలామంది నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వైపు పోతారు. పోనివాళ్ళ ఇళ్ళలో కొన్నాళ్ళుగా లడఖ్ మాట వినిపిస్తోంది. 2009లో వచ్చిన ‘3 ఇడియట్స్’ సినిమా చివర్లో కనిపించిన పాంగాంగ్ సరస్సు నీలం అంత తేలిగ్గా కళ్ళలోంచి పోదు మరి.

సెలవులు మాత్రం తప్పు నెలలో వస్తాయి. దీపావళి నాటికి లడఖ్ ఎత్తుల్లో రాత్రుళ్ళు నీళ్ళ అంచులు గడ్డకట్టడం మొదలవుతుంది, పక్షులు వెళ్ళిపోతుంటాయి. పోనీ మే నెల వేసవి సెలవుల్లో పోదామంటే మంచు అప్పుడప్పుడే విడుస్తూ ఉంటుంది. సూరత్ ఇళ్ళలో గోడకు వేలాడే క్యాలెండర్ ఒకటి, ఆ సరస్సులు నడిచే పంచాంగం మరొకటి. రెండోదాన్ని చదవడం వస్తే ఎప్పుడు వెళ్ళాలో దానంతటదే తేలుతుంది.

ముందు అక్కడి నీళ్ళు ఎందుకు ఉప్పగా ఉంటాయో చూడాలి. తాపీ నది సాత్పురా కొండల్లో పుట్టి, సూరత్ దాటి సముద్రంలో కలుస్తుంది. దారిలో రాళ్ళ నుంచి కరిగించుకున్న లవణాలన్నీ సముద్రానికే చేరతాయి. లడఖ్ తూర్పున ఉన్న చాంగ్‌తాంగ్ పీఠభూమిలో చాలా సరస్సులకు అలా బయటికి పోయే దారి లేదు. కొండల మంచు కరిగి వచ్చిన నీరు లవణాలను మోసుకుని లోపలికి వస్తుంది. ఎండకూ గాలికీ నీరు ఆవిరై పోతుంది, లవణం మిగిలిపోతుంది. పొయ్యి మీద మరిచిన చారు మరిగి మరిగి ఉప్పెక్కినట్టే, వేల ఏళ్ళుగా ఆ నీళ్ళు చిక్కబడుతూ వచ్చాయి. పాంగాంగ్ ఒకప్పుడు ష్యోక్ నది మీదుగా సింధులో కలిసేది. ఆ దారి మూసుకుపోయాక అదీ ఉప్పు బాట పట్టింది.

ఇలాంటి సరస్సుకు స్థిరమైన రూపం ఉండదు. లోపలికి వచ్చే నీరు ఎక్కువైన నెలలో ఒడ్డు నిండుతుంది, ఉప్పు పలచనవుతుంది. ఆవిరి ఎక్కువైన నెలలో ఒడ్డు వెనక్కి జరిగి, తెల్లటి పొర బయటపడుతుంది. బొలీవియాలో 3,650 మీటర్ల ఎత్తున, పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉయుని ఉప్పు మైదానం ఇందుకు పెద్ద ఉదాహరణ. అక్కడి వానాకాలమైన జనవరి, ఫిబ్రవరి నెలల్లో చూసినవాళ్ళు ఆకాశాన్ని మోస్తున్న అద్దం చూశామంటారు. ఎండిన జులైలో వెళ్ళినవాళ్ళకు కనుచూపు మేర పలకలు పలకలుగా పగిలిన ఉప్పు నేల కనిపిస్తుంది. రెండూ నిజమే.

అంత దూరం దేనికి, సూరత్ నుంచి వరంగల్ వచ్చే రైలు దారికి దక్షిణంగా మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో లోనార్ సరస్సు ఉంది. ఉల్క పడిన గుంటలో నిలిచిన ఉప్పు నీరది. 2020 జూన్‌లో అది ఉన్నట్టుండి గులాబి రంగుకు తిరిగితే జనం ఆశ్చర్యపోయారు. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ నీటిని పరీక్షించి, ఉప్పులోనే బతికే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవుల రంగు అదని తేల్చారు. ఎండలకు నీరు తగ్గి ఉప్పు గాఢత పెరిగితే అవి ఒక్కసారిగా వృద్ధి చెందుతాయి. వానలు పడి నీరు పలచనయ్యాక ఆ రంగు పోయింది. నెల ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకు మామూలు ఆకుపచ్చ నీళ్ళే కనిపించి ఉంటాయి.

లడఖ్‌లో అందరి నోటా పాంగాంగ్ పేరే నానుతుంది గానీ, ఉప్పు సరస్సంటే ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళు వెళ్ళాల్సింది త్సో కర్‌కు. లేహ్ నుంచి మనాలి వెళ్ళే రోడ్డు 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా కనుమ దాటాక, ఎడమకు తిరిగే దారి దాని దగ్గరికి చేరుస్తుంది. సరస్సు ఎత్తు సుమారు 4,530 మీటర్లు. టిబెటన్ భాషలో త్సో అంటే సరస్సు, కర్ అంటే తెలుపు. పక్కనే స్టార్ట్సాపుక్ త్సో అనే చిన్న మంచినీటి సరస్సు ఉంది. ఆ మంచినీరు పొంగి పెద్ద సరస్సులోకి పారుతుంది, అక్కడితో దాని ప్రయాణం ఆగి ఉప్పునీరుగా మారుతుంది. ఒకే లోయలో తాగగలిగే నీరు, నోట పెట్టుకోలేని నీరు. 2020లో ఈ జంటను రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చుట్టూ కొండవాలు మీద ఎత్తున మెట్టు మెట్టుగా గీతలు కనిపిస్తాయి. ఒకప్పుడు నీళ్ళు అంత ఎత్తున నిలిచిన ఒడ్లవి.

ఆ ఒడ్డు మీది ఉప్పును చాంగ్‌పా సంచార పశుపాలకులు ఏరి టిబెట్‌కు పంపేవాళ్ళు. నేతతో పరిచయమున్నవాళ్ళు ఆ చాంగ్‌పాల మేకల్ని ఆగి చూడాలి. పశ్మీనా ఉన్ని వాటిదే. చలికాలం తట్టుకోవడానికి పైబొచ్చు కింద పెరిగే మెత్తటి పోగు మందం 12 నుంచి 15 మైక్రాన్లు మాత్రమే. చలి తగ్గి అది ఊడిపోయే రోజుల్లో దువ్వి తీస్తారు. మే చివర, జూన్‌లో వెళితే గుడారాల దగ్గర ఆ పని కంటపడే అవకాశం ఉంటుంది.

ఇక నెలల సంగతి. జనవరి, ఫిబ్రవరిలో పాంగాంగ్ ఉప్పునీరైనా పైభాగమంతా గడ్డకడుతుంది. ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు కిందికి పోతుంటే ఆ కొద్ది ఉప్పు ఆపలేదు. 2023 ఫిబ్రవరి 20న లుకుంగ్ నుంచి మాన్ ఊరి దాకా ఆ మంచు మీద 21 కిలోమీటర్ల పరుగు పందెం పెడితే అది గిన్నిస్ రికార్డు అయింది. ఈ గడ్డకట్టడంలో ఉన్న చిత్రం వంటింట్లోనే చూడొచ్చు. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో రెండు చెంచాల ఉప్పు కరిగించి ఫ్రీజర్‌లో పెట్టాలి. మంచినీళ్ళు ముందు గడ్డకడతాయి. ఉప్పు గ్లాసు మీద పలచటి పొర కట్టగానే దాన్ని తీసి, పైపైన కడిగి నాలుక మీద పెట్టుకుంటే మొదట కలిపినంత ఉప్పగా ఉండదు. గ్లాసులో మిగిలిన నీళ్ళు మాత్రం ఇంకా ఉప్పెక్కి ఉంటాయి. మంచు స్ఫటికం కట్టేటప్పుడు లవణాన్ని బయటికి నెట్టేస్తుంది. చలికాలమంతా పాంగాంగ్ మంచు కింద జరిగేది ఇదే.

ఏప్రిల్, మేలో మంచు పగిలి కరుగుతుంది. జూన్, జులైలో కొండల నీరు దిగి సరస్సులు నిండుతాయి. ఈ రోజుల్లోనే పక్షుల సంసారం. నల్లమెడ కొంగలు త్సో కర్ బురద నేలల్లో మామూలుగా రెండేసి గుడ్లు పెట్టి, నెల రోజులకు పైగా పొదుగుతాయి. లడఖ్ అధికారిక పక్షి అదే. ఫొటో కోసం మనుషులు దగ్గరికి పోతే అది గూడు వదిలి లేస్తుంది, ఆ కాసేపటిలోనే గుడ్డు చల్లబడవచ్చు, ఊరకుక్క రావచ్చు. కొంగపిల్లల్ని ఎత్తుకుపోయే కుక్కల బెడద అక్కడ నిజంగానే పెద్దది. కొంగను చూడటానికే వెళ్ళేవాళ్ళు జూన్ మానుకుని, పిల్లలు ఎదిగి తల్లిదండ్రుల వెంట నడిచే రోజుల్లో, అదీ దుర్భిణీతో చూస్తే మంచిది.

తెలుగువాళ్ళకు అక్కడ ఇంకో చుట్టం కనిపిస్తుంది. మన కావ్యాల్లో రాత్రయితే విడిపోయి, తెల్లవారితే కలుసుకునే జక్కవ జంట. చక్రవాకమన్నా అదే. మన కవులు చూసింది చలికాలం విడిదికి వచ్చిన పక్షినే. దాని పుట్టిల్లు ఈ ఎత్తైన సరస్సుల దగ్గర, కొండ చరియల బొరియల్లో. ఇటుక రంగు ఒంటితో, వెనక వరసగా పిల్లల్ని వేసుకుని జక్కవ ఈదడం చూడాలంటే జులైలో వెళ్ళాలి.

జులై, ఆగస్టుల్లో సూరత్ వానల్లో మునుగుతుంది. లడఖ్ హిమాలయాల వెనక వానచాటున ఉంటుంది. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది వంద మిల్లీమీటర్ల లెక్క. సూరత్‌లో అంత వాన ఒక్క రోజులో పడిన సందర్భాలున్నాయి. అలాగని ఆగస్టును పూర్తిగా నమ్మలేం. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ మీద మేఘం విరుచుకుపడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్ళు వదిలినప్పుడు ఇంట్లోకి తాపీ వచ్చిన రోజు గుర్తున్న ఏ సూరత్ కుటుంబానికైనా ఆ నెల గురించి వేరే చెప్పక్కర్లేదు. లడఖ్ ఎత్తుల్లో వాగులకు ఇంకో అలవాటుంది. పొద్దున పాదం తడిసేంత నీరుంటే, మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి అదే వాగు కారును ఆపేస్తుంది.

కాలం ఎంచుకోవడంలో నీళ్ళ కంటే ఊపిరితిత్తులది పెద్ద మాట. సూరత్ సముద్రమట్టానికి 13 మీటర్ల ఎత్తున ఉంది. త్సో కర్ ఒడ్డున గాలి పీడనం సూరత్‌లో ఉన్నదాంట్లో 57, 58 శాతమే. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే గానీ, ఒక్కో ఊపిరికి అందే గాలే తగ్గిపోతుంది. సూరత్ దుకాణంలో కొన్న చిప్స్ ప్యాకెట్ తంగ్లాంగ్ లా చేరేసరికి ఉబ్బి, తడితే డప్పులా మోగుతుంది. లోపలున్నది సూరత్ గాలి పీడనం, బయట దానికి సగం. వంట చేయాలన్నా త్సో కర్ ఒడ్డున నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు.

విమానమెక్కితే ఒక్క పూటలో 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతాం. ఒంటికి అది పెద్ద కుదుపు. కనీసం 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలని అక్కడి యంత్రాంగం చెబుతుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఇంకో రోజు కలుపుకోవడం మేలు. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే పైకి వెళ్ళకూడదు. ఆయాసం, తడబాటు మొదలైతే అర్ధరాత్రైనా కిందికి దించాల్సిందే. శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళితే 1,585 మీటర్ల నుంచి కార్గిల్‌లో 2,676 మీటర్లకు, మర్నాడు లేహ్‌కు మెట్టు మెట్టుగా ఎక్కుతాం. ఆ దారి జోజీ లా కనుమ తెరిచి ఉన్న కాలంలోనే నికరం. చలికాలం ప్రయాణమంటే దాదాపుగా విమానమే, అంటే ఒంటికి కఠినమైన దారే. మనాలి దారి వేసవిలో తెరిచినా, మధ్యలో 4,290 మీటర్ల సర్చూలో రాత్రి నిద్ర సూరత్ ఒంటికి తగినది కాదు.

ఇవన్నీ కలిపి చూస్తే భాద్రపద బహుళ పక్షం ముందుకొస్తుంది. వినాయక నిమజ్జనం అయ్యాక, ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వచ్చే ఆ రెండు వారాలు చాలా ఏళ్ళలో చాలావరకు సెప్టెంబర్‌లో పడతాయి. మహాలయ పక్షం కనుక పెళ్ళి పిలుపులుండవు. అక్కడ వాగులు తగ్గి ఉంటాయి, మేఘాలు విడిచి ఉంటాయి, రోడ్లు ఇంకా మూసుకోవు. వేసవంతా ఎండ తాగిన త్సో కర్ ఒడ్డు వెనక్కి జరిగి ఉప్పు పట్టీ వెడల్పవుతుంది. కొంగపిల్లలు ఎదిగి ఉంటాయి. రాత్రి చలి సున్నాకు దిగుతుంది, కంబళ్ళు కావాలి. అమావాస్య దగ్గరపడే కొద్దీ వెన్నెల తగ్గి, పాలపుంత కొండ నుంచి కొండకు వంతెన వేసినట్టు కనిపిస్తుంది. భారత ఖగోళ వేధశాల ఉన్న హాన్లే కూడా ఈ చాంగ్‌తాంగ్‌లోనిదే. నీటిలో కొండల నీడ కావాలంటే తెల్లవారగానే ఒడ్డున ఉండాలి. మధ్యాహ్నానికి గాలి లేచి అద్దాన్ని చెదరగొడుతుంది.

బడి పిల్లలతో సెప్టెంబర్ కుదరదనుకునేవాళ్ళకు సొంత రాష్ట్రంలోనే ఇంకో ఉప్పు పళ్ళెం ఉంది, దాని పంచాంగం సరిగ్గా తలకిందులు. కచ్ రణ్‌లో వానాకాలమంతా నీరు నిలుస్తుంది. చలికాలం ఎండి తెల్లబడుతుంది. దీపావళి సెలవుల్లో వెళితే, వాన ఎక్కువైన ఏడాది చాలాచోట్ల అడుగు బురదలోకే దిగుతుంది. సంక్రాంతి వేళకు ధోర్డో దగ్గర ఉప్పు గట్టిపడి కాలికింద కరకరలాడుతుంది. త్సో కర్‌కు అమావాస్య చూసుకోవాలి, రణ్‌కు పున్నమి. చిన్న రణ్‌లో అగరియా కుటుంబాలు వానలు వెనకబట్టగానే వెళ్ళి ఉప్పు మడులు కట్టుకుంటాయి. ఆ మడుల పక్కనే అడవి గాడిదలు మేస్తుంటాయి. త్సో కర్ ఒడ్డున గుంపులుగా పరుగెత్తే కియాంగ్ వాటికి దగ్గరి బంధువే.

కార్తీకం గడిచేకొద్దీ నల్లమెడ కొంగలు త్సో కర్ విడిచిపెడతాయి. స్టార్ట్సాపుక్ మంచినీళ్ళ మీద పొర కడుతుంది. లింబాయత్‌లో సాంచాలు మళ్ళీ మొదలయ్యే ఆ రోజుల్లో, ఇటుక రంగు జక్కవలు జంటలు జంటలుగా గుజరాత్ చెరువుల్లో దిగుతూ ఉంటాయి.