వార్తల్లో పదం: టెలి మానస్

మానసిక ఆరోగ్యం గురించిన వార్తల చివర 14416 అనే నంబరు, పక్కనే ‘టెలి మానస్’ అనే పేరు తరచూ కనిపిస్తున్నాయి. ఇది కేంద్రం రాష్ట్రాలతో కలిసి నడిపే ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. దీనికి నోడల్ కేంద్రం బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్.

రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, లేదా ప్రభుత్వాసుపత్రికి పంపుతారు.

ఆహార రుగ్మతలున్నవారికి ఇది మరీ అవసరం. లావైపోతానన్న భయంతో తిండి మానేయడం, ఆపుకోలేక అతిగా తిని కక్కేయడం ఇంట్లోవాళ్లకు పంతంలా కనిపిస్తాయి. కానీ అవి జబ్బులు. పదేపదే వాంతి చేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. చికిత్సకు మానసిక వైద్యులతో పాటు ఫిజీషియన్, పోషకాహార నిపుణులు కావాలి, నెలలు పడుతుంది. వట్లూరులో ఇంజినీరింగ్ చదివే అమ్మాయికైనా, కొల్లేటి లంకల్లో చేపల వేట మీద బతికే కుటుంబానికైనా ఫీజులు, దారిఖర్చులు భారమే. మొదటి సలహా వరకైనా ఆ భారం ఇక్కడ ఉండదు.

ఫోన్ ఒక్కటే చాలదు. బరువు, రక్తపరీక్షలు చూడాలంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ ఖర్చు సంగతికొస్తే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 21వ సెక్షన్ ప్రకారం బీమా సంస్థలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా కల్పించాలి. మీ పాలసీ ఒకసారి తీసి చూడండి. మనిషి స్పృహ తప్పినా, గుండె దడ ఆగకపోయినా ముందు 108కి ఫోన్ చేయండి.